ఇంటి చెత్త వేర్పాటు: భారతదేశంలో నియమాలు, రీసైక్లింగ్ బాధ్యతలు

నిర్వచనం, పరిధి

ఇంట్లో రోజూ పోగయ్యే చెత్తను దాని స్వభావాన్ని బట్టి పుట్టిన చోటే విడివిడిగా ఉంచి, విడివిడిగానే సేకరణ సిబ్బందికి అందించడాన్ని ఇంటి చెత్త వేర్పాటు అంటారు. తడి చెత్త, పొడి చెత్త అనే మాటలు తెలుగు పట్టణాల్లో ప్రతి ఇంటికీ తెలిసినవే. భారతదేశంలో 2016 నుంచి ఇది ప్రతి ఇంటికీ స్పష్టమైన చట్టబద్ధ బాధ్యత. ఆ బాధ్యత ఇంటి గడపతో ముగియదు. వేరు చేసి ఇచ్చినదాన్ని కలపకుండా తీసుకుపోవడం స్థానిక సంస్థ వంతు. ప్యాకింగ్ ప్లాస్టిక్, బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ వస్తువుల వంటివి వాడకం అయ్యాక తిరిగి సేకరించి రీసైక్లింగ్‌కు చేర్చడం వాటి తయారీదారుల వంతు. ఈ మూడు బాధ్యతల్లో ఏది తప్పినా మిగతా రెండూ చాలావరకు వృథా అవుతాయి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కల ప్రకారం దేశంలో రోజుకు సుమారు 1.60 లక్షల టన్నుల ఘన వ్యర్థాలు పుడుతుంటే 1.53 లక్షల టన్నులు సేకరణకు వస్తున్నాయి. శుద్ధి అయ్యేది దాదాపు 80 వేల టన్నులు. మరో 29 వేల టన్నులకు పైగా నేలలో పూడ్చడానికి వెళ్తోంది. సేకరణకూ శుద్ధికీ మధ్య ఉన్న ఈ తేడాకు ప్రధాన కారణాల్లో ఒకటి, చెత్త కలగలిసి రావడం.

చరిత్ర

తెలుగు పల్లెల్లో ఇంటి చెత్త చాలాకాలం సమస్యగా ఉండేది కాదు. ఊడ్చిన కసువు, పేడ, పొయ్యిలో బూడిద, కూరల తొక్కలు అన్నీ పెరట్లోనో ఊరి చివరో ఉన్న పెంటకుప్పలోకి చేరేవి. తొలకరికి ముందు ఆ ఎరువు బండ్లకెక్కి పొలాలకు పోయేది. విరిగిన ఇత్తడి, ఇనుము, చినిగిన గోనె సంచులు కొనడానికి తుక్కువాళ్ళు వచ్చేవారు. కుళ్ళేది నేలకు, కుళ్ళనిది అంగడికి అన్న విభజన అప్పటికే ఉంది. అయితే చెత్తలో దాదాపు అంతా కుళ్ళేదే కావడం వల్ల దానికి నియమం అవసరపడలేదు.

చెత్తను ఎరువుగా మార్చే పద్ధతిని శాస్త్రీయంగా రూపొందించడంలో భారతదేశానికి పాత్ర ఉంది. బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ 1924-31 మధ్య ఇండోర్‌లోని మొక్కల పరిశోధన సంస్థలో రైతుల అనుభవం నుంచి నేర్చుకుంటూ తీర్చిదిద్దిన పద్ధతి ‘ఇండోర్ పద్ధతి’గా ప్రపంచానికి తెలిసింది. కొద్దికాలానికి సి.ఎన్. ఆచార్య పట్టణ చెత్తకు అనువైన ‘బెంగళూరు పద్ధతి’ని రూపొందించారు.

ప్లాస్టిక్ సంచులు, షాంపూ ప్యాకెట్లు, వాడి పారేసే గ్లాసులు ఇళ్ళలోకి వచ్చాక పరిస్థితి మారింది. ఒకప్పుడు ఎరువైన కుప్ప, ప్లాస్టిక్ కలిశాక పొలానికి పనికిరాకుండా పోయింది. 1994లో సూరత్‌లో ప్లేగు ప్రబలినప్పుడు పట్టణ పారిశుధ్యం దేశవ్యాప్త చర్చకు వచ్చింది. 1996లో పర్యావరణవేత్త అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఈ రంగంలో మలుపు. కోర్టు నియమించిన అసీం బర్మన్ కమిటీ 1999లో నివేదిక ఇచ్చింది. దాని వెంట 2000లో పురపాలక ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. పుట్టిన చోట వేరు చేయడం, ఇంటింటి సేకరణ అనే భావనలు చట్టంలోకి చేరింది వీటితోనే. కానీ ఆ నియమాలు భారమంతా పురపాలక సంఘంపై పెట్టి, ఇంటివారి బాధ్యతను పైపైనే ప్రస్తావించాయి.

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్, 2016 ఏప్రిల్ 8న వెలువడిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ లోపాన్ని సవరించాయి. అదే ఏడాది డిసెంబరు 22న జాతీయ హరిత ట్రైబ్యునల్, తన వద్దకు బదిలీ అయిన అల్మిత్రా పటేల్ కేసు తీర్పులో, బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని నిషేధించి, మామూలుగా కాల్చినవారికి రూ. 5,000, పెద్ద ఎత్తున కాల్చినవారికి రూ. 25,000 పరిహారం నిర్ణయించింది. 2016 నియమాల స్థానంలో 2026 జనవరిలో కొత్త నియమాలు జారీ అయ్యాయి. వాటికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1.

చట్టపరమైన పునాది

ఈ నియమాలన్నీ పర్యావరణ (పరిరక్షణ) చట్టం, 1986 కింద కేంద్రం జారీ చేసినవి. చెత్త నిర్వహణ మాత్రం స్థానిక సంస్థల పని. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో ప్రజారోగ్యం, పారిశుధ్యంతో పాటు ఘన వ్యర్థాల నిర్వహణను కూడా పురపాలక సంస్థలకు అప్పగించదగ్గ అంశంగా చేర్చారు. అందువల్ల కేంద్ర నియమం మొత్తం చట్రాన్ని నిర్ణయిస్తే, వినియోగ రుసుము ఎంత, అక్కడికక్కడ వేసే జరిమానా ఎంత, బండి ఏ వేళకు వస్తుంది అనేవి ఒక్కో ఊరి ఉపవిధులను బట్టి మారతాయి.

2016 నియమాల పరిధి పురపాలక సంఘాలకే పరిమితం కాలేదు. జనగణన పట్టణాలు, పారిశ్రామిక నివాస ప్రాంతాలు, రైల్వేలు, విమానాశ్రయాలు, పుణ్యక్షేత్రాలు కూడా దానిలోకి వచ్చాయి. ఇంటి చెత్తలో భాగమైనా కొన్ని వస్తువులకు వేరే నియమాలున్నాయి (చూ. తయారీదారుల బాధ్యత).

చెత్త వర్గాలు

2016 నియమాలు ఇంటి చెత్తను మూడు పాయలుగా విభజించాయి: కుళ్ళేది, కుళ్ళనిది, గృహ హానికర వ్యర్థం. 2026 నియమాలు దీన్ని నాలుగు చేశాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వ్యర్థం.

*తడి చెత్త.* కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పండ్ల చెక్కులు, కాఫీ టీ పిప్పి, గుడ్డు పెంకులు, మాంసం చేపల వ్యర్థాలు, పూజలో వాడిన పూలు, అరటాకులు, విస్తరాకులు. తేమ ఎక్కువ కాబట్టి త్వరగా కుళ్ళుతుంది, వాసన వేస్తుంది. అందుకే రోజూ తీయాల్సింది ఇదే. భారతీయ ఇళ్ళ చెత్తలో బరువును బట్టి సగమో అంతకు మించో ఇదే ఉంటుంది. దీన్ని పాలిథిన్ సంచిలో మూటకట్టి డబ్బాలో వేయడం అందరూ చేసే పొరపాటు. సంచి వల్ల తడి చెత్త మొత్తం కలుషితమవుతుంది. కాగితం పరిచిన డబ్బాలో నేరుగా వేయడమే సరైన పద్ధతి.

*పొడి చెత్త.* కాగితం, అట్టలు, ప్లాస్టిక్ సీసాలు, పాల ప్యాకెట్లు, గాజు, ఇనుము, అల్యూమినియం, రబ్బరు, బట్టలు. ఇది కుళ్ళదు కాబట్టి వారం పాటు ఇంట్లో ఉంచినా ఇబ్బంది లేదు, శుభ్రంగా ఉంటే చాలు. పాల ప్యాకెట్‌ను నీళ్ళతో ఒకసారి కడిగి ఆరబెట్టకపోతే మిగిలిన పాల చుక్కలు పులిసి, పక్కన ఉన్న కాగితాన్నీ పాడుచేస్తాయి. ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించి పారేస్తే ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకదు. ముక్క ఊడిపోకుండా కత్తిరించడం మేలని ఈ పనిలో ఉన్నవారు చెబుతారు.

*శానిటరీ వ్యర్థం.* వాడిన డయపర్లు, శానిటరీ నాప్కిన్లు, కండోములు, మంచాన పడ్డవారికి వాడే షీట్లు. వీటిని తయారీదారు ఇచ్చిన సంచిలోనో కాగితంలోనో గట్టిగా చుట్టి విడిగా ఇవ్వాలి. చుట్టకుండా ఇచ్చిన ప్రతి నాప్కిన్‌నూ ఎవరో ఒక కార్మికురాలు చేత్తో తీయాల్సి వస్తుంది. ఈ నియమం వెనుక ఉన్న అసలు కారణం అదే. బెంగళూరు వంటి నగరాల్లో చుట్టిన పొట్లంపై ఎరుపు గుర్తు వేసే అలవాటు పెరిగింది.

*ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వ్యర్థం.* 2016 నియమాల్లో దీని పేరు గృహ హానికర వ్యర్థం. రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, సీఎఫ్ఎల్ బల్బులు, ట్యూబ్‌లైట్లు, గడువు తీరిన మందులు, పగిలిన పాదరసపు థర్మామీటర్లు, వాడిన బ్యాటరీలు, ఇంట్లో వాడిన సూదులు, సిరంజీలు దీనిలోకి వస్తాయి. పరిమాణం చాలా కొద్ది. ప్రమాదం మాత్రం అన్నిటికన్నా ఎక్కువ. దీన్ని తీసుకోవడానికి ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం ఏర్పాటు చేయాలని 2016 నియమాలు చెప్పాయి.

ఏ డబ్బాలో వేయాలో తేలనివీ కొన్ని ఉన్నాయి. విస్తరాకు తడి చెత్తే, కానీ విందుల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు ప్లేటు తడిలోనూ పనికిరాదు, పొడిలోనూ ధర పలకదు. కాగితపు టీ కప్పుకూ లోపల పూత ఉంటుంది. కూర నూనె పీల్చిన కాగితం పేపర్ మిల్లుకు పనికిరాదు. ఎరువులో మాత్రం కలిసిపోతుంది. కొబ్బరి చిప్పలు, తాగేసిన కొబ్బరి బొండాలు కుళ్ళేవే అయినా నెలల కాలం పడుతుంది, యంత్రాలను ఆపేస్తాయి. అందుకే చాలా పట్టణాలు వాటిని విడిగా తీసుకుంటాయి. పగిలిన గాజును మందపాటి కాగితంలో చుట్టి, విషయం చెప్పి మరీ చేతికివ్వాలి. ఇల్లు మరమ్మతు చేయించినప్పుడు వచ్చే ఇటుక, సిమెంటు పెళ్ళలు నిర్మాణ వ్యర్థాలు. వాటిని రోజువారీ చెత్తలో కలపకూడదు. తోట ఆకులను ఆవరణలోనే ఎరువు చేయడం ఉత్తమం.

డబ్బాల రంగుల్లో దేశమంతటా ఒకే పద్ధతి స్థిరపడలేదు. వ్యవహారంలో తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, హానికరమైనదానికి ఎరుపు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. 2016 నియమాల్లో మాత్రం రీసైక్లింగ్‌కు పనికొచ్చేదానికి తెలుపు, మిగతాదానికి నలుపు అని రాశారు. ఆచరణలో తమ ఊరి సంస్థ పంచిన డబ్బాల రంగే ప్రమాణం.

ఇంటివారి బాధ్యతలు

2016 నియమాల్లో చెత్త ఉత్పత్తి చేసే ప్రతి ఒక్కరికీ వర్తించే నాలుగో నియమమే ఈ అంశానికి కీలకం. చెత్తను పాయలుగా వేరు చేసి ఉంచి, స్థానిక సంస్థ చెప్పినట్టు అధీకృత సేకరణదారుకు అందించాలి. వీధిలో, ఖాళీ స్థలంలో, కాలువలో, చెరువులో వేయకూడదు. కాల్చకూడదు, పూడ్చకూడదు. ఉపవిధుల్లో నిర్ణయించిన వినియోగ రుసుము చెల్లించాలి. అద్దెకున్నవారికీ సొంత ఇంటివారికీ తేడా లేదు.

పెళ్ళిళ్ళు, వేడుకల గురించి ప్రత్యేక నిబంధన ఉంది. అనుమతి లేని చోట వంద మందికి మించి చేరే కార్యక్రమం ఏదైనా కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలి. అక్కడి చెత్తను వేరు చేసి అప్పగించే ఏర్పాటు నిర్వాహకుడే చూసుకోవాలి. చాలామందికి తెలియని నిబంధన ఇది.

ప్లాస్టిక్ విషయంలో ఇంటివారు కొనకుండా చూసుకోవాల్సినవీ ఉన్నాయి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, ప్లాస్టిక్ పుల్లల ఇయర్ బడ్స్, బెలూన్ పుల్లలు, అలంకరణ థర్మోకోల్, మిఠాయి పెట్టెలపై చుట్టే పొర వంటివి నిషిద్ధం. చేతిసంచుల కనీస మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం వాడిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకుండా సేకరణ లేదా రీసైక్లింగ్ కేంద్రానికి ఇవ్వడం వినియోగదారుడి విధి.

పెద్ద ఎత్తున చెత్త ఉత్పత్తి చేసేవారు

సగటున రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే అపార్టుమెంట్ల సముదాయాలు, హోటళ్ళు, వసతిగృహాలు, ఆసుపత్రులు, ఆలయాలు 2016 నియమాల్లో ఈ వర్గం కిందికి వచ్చాయి. 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కమ్యూనిటీలు తమ తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని అవి చెప్పాయి. 2026 నియమాలు కొలతను విస్తరించాయి. 20,000 చదరపు మీటర్ల అంతస్తు విస్తీర్ణం, రోజుకు 40,000 లీటర్ల నీటి వాడకం, రోజుకు 100 కిలోల చెత్త, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ సంస్థ ఈ వర్గంలోకి వస్తుంది. ఇళ్ళకన్నా ఇక్కడ అమలు తేలిక. ఒకే కమిటీ, ఒకే నిర్వహణ ఉంటుంది కాబట్టి బాధ్యులెవరో వెతకనక్కరలేదు.

స్థానిక సంస్థల బాధ్యతలు

వేరు చేసిన చెత్తను ఇంటింటికీ వచ్చి సేకరించడం, విడిగానే తరలించడం, పొడి చెత్తను మళ్ళీ వర్గీకరించే కేంద్రాలు నెలకొల్పడం, చెత్త ఏరేవారి సంఘాలను గుర్తించి సేకరణలో భాగం చేయడం, పారిశుధ్య సిబ్బందికి చేతి తొడుగులు, బూట్లు, మాస్కులు, యూనిఫాం ఇవ్వడం స్థానిక సంస్థ విధులు. రీసైక్లింగ్‌కూ, ఎరువుకూ, మంటకూ పనికిరాని జడ వ్యర్థం, శుద్ధిలో మిగిలిన శేషం మాత్రమే నేలలో పూడ్చడానికి వెళ్ళాలి.

తెలుగు పట్టణాల్లో ఈ సేకరణ ఆటో టిప్పర్ల మీద నడుస్తుంది. టిప్పర్‌కు రెండు అరలుండాలి, వెనుక హానికర వ్యర్థానికి ఎరుపు డబ్బా గానీ సంచి గానీ వేలాడాలి. వ్యవస్థ తరచుగా దెబ్బతినేది ఇక్కడే. అర నిండిపోయిందనో, సమయం లేదనో రెండింటినీ కలిపేస్తే ఆ వీధిలో వేరు చేసిన ఇళ్ళన్నిటి శ్రమా ఒక్క నిమిషంలో పోతుంది. కళ్ళముందే కలిపేయడం చూసిన ఇంటివారు మర్నాటి నుంచి వేరు చేయడం మానేస్తారు. ఏ ప్రచారమూ ఆ నష్టాన్ని పూడ్చలేదు.

తుక్కు వ్యాపారం, చెత్త ఏరేవారు

భారతదేశంలో రీసైక్లింగ్ నియమాలతో మొదలైంది కాదు. చిత్తు కాగితాలు ఏరేవారు, వీధి వీధీ తిరిగి పాత పేపర్లు, సీసాలు, ఇనుప సామాన్లు కొనేవారు, తుక్కు దుకాణాలు, వాటి పైన టోకు వ్యాపారులు, చివర కర్మాగారాలు, ఇలా అంచెలంచెల వ్యవస్థ ఎప్పటినుంచో ఉంది. ధర పలికే అట్ట, సీసా, ఇనుము, అల్యూమినియం చాలావరకు దీని చేతుల మీదుగానే తిరిగి పరిశ్రమకు చేరతాయి. ధర లేని పలుచని ప్లాస్టిక్, పొరలు పొరలుగా ఉండే చిప్స్ ప్యాకెట్లు మాత్రం ఎవరూ ఏరరు. కాలువల్లో తేలేవి ఎక్కువగా అవే.

వేరు చేయని చెత్తకుప్పలో చేతులు పెట్టి వెతకడం వల్ల వీరికి గాజు కోతలు, సూదిపోట్లు, చర్మ, శ్వాస వ్యాధులు తప్పవు. ఇంట్లో పది క్షణాల పనిని మానేస్తే దాని మూల్యం వీళ్ళ ఒంటి మీద పడుతుంది. పుణెలో 1993లో ఏర్పడిన చెత్త ఏరేవారి సంఘం నుంచి 2008లో స్వచ్ అనే సహకార సంస్థ పుట్టి, నగరపాలక సంస్థతో ఒప్పందం మేరకు ఇంటింటి సేకరణ చేస్తోంది. బెంగళూరులో హసిరు దళ అనే సంస్థ చెత్త ఏరేవారిని వార్డుల పొడి చెత్త కేంద్రాల నిర్వాహకులుగా మలిచింది.

తయారీదారుల బాధ్యత

వస్తువును అమ్మినవాడికే వాడకం ముగిశాక దాని వ్యర్థం పట్ల బాధ్యత ఉంటుందన్న సూత్రాన్ని విస్తరిత ఉత్పత్తిదారు బాధ్యత అంటారు. ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016లో ఇది చోటు చేసుకోగా, 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు దానికి లక్ష్యాలు నిర్ణయించాయి. ఆ మార్గదర్శకాలు ప్లాస్టిక్ ప్యాకింగ్‌ను గట్టిది, మెత్తనిది, బహుళ పొరలది, కంపోస్టు అయ్యేది అని నాలుగుగా విభజించాయి. తయారీదారులు, దిగుమతిదారులు, బ్రాండు యజమానులు తమ వంతు పరిమాణానికి తగ్గ రీసైక్లింగ్ ధ్రువపత్రాలు చూపాలి.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ-వ్యర్థాల నియమాలు ఫోన్లు, కంప్యూటర్లు, ఫ్రిజ్‌లు, టీవీల తయారీదారులకు 2023-24, 2024-25లలో 60 శాతం, ఆ తర్వాతి రెండేళ్ళు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం రీసైక్లింగ్ లక్ష్యం పెట్టాయి. శానిటరీ నాప్కిన్లు, డయపర్ల తయారీదారులు ప్రతి ప్యాకెట్‌తో పాటు చుట్టి పారేసే సంచి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు అడిగాయి. చాలా బ్రాండ్ల డయపర్లతో అది ఇప్పటికీ కనిపించదు.

శుద్ధి పద్ధతులు

వేర్పాటు ఎందుకు అవసరమో శుద్ధి కేంద్రంలో తెలుస్తుంది. తడి చెత్తను కంపోస్టు చేసేటప్పుడు సూక్ష్మజీవులకు కార్బన్, నత్రజని సుమారు 25-30:1 నిష్పత్తిలో, సగానికి పైగా తేమ, తగినంత గాలి కావాలి. కుప్ప లోపలి వేడి 55-65 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు నశిస్తాయి. వర్మీ కంపోస్టులో ఆ పనిని ఎర్రలు చేస్తాయి. ఈ కుప్పలో ఒక్క బ్యాటరీ చితికినా సీసం, కాడ్మియం వంటి భార లోహాలు ఎరువులోకి దిగుతాయి. పట్టణ కంపోస్టులో భార లోహాలకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిమితులు పెట్టింది. గాజు పెంకులున్న ఎరువును ఏ రైతూ కొనడు.

గాలి సోకని తొట్టెలో తడి చెత్త నుంచి బయోగ్యాస్ తీయడం రెండో మార్గం. ఆ గ్యాస్‌లో సగానికి పైగా మీథేన్ ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో ఇండోర్‌లో ప్రారంభమైన ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడి చెత్త. ఇళ్ళ నుంచే శుభ్రంగా వేరై రావడం వల్లనే అది నడుస్తోంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో పెట్టిన ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థం నుంచి 500 యూనిట్ల వరకు విద్యుత్తు తీస్తుంది.

పొడి చెత్తను కన్వేయర్ బెల్టుల మీద రకాలుగా విడదీస్తారు. అల్యూమినియాన్ని ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాతదాన్ని కరిగించి వాడవచ్చు. గాజునూ ఎన్నిసార్లైనా కరిగించవచ్చు. కాగితం మాత్రం ప్రతి విడతా పీచు పొట్టిదై నాణ్యత తగ్గుతుంది. రీసైక్లింగ్‌కు పనికిరాకున్నా మండే పొడి చెత్తను ఇంధనంగా సిమెంటు కర్మాగారాలకు పంపుతారు. కిలోకు 1,500 కిలో కేలరీలు లేదా ఎక్కువ ఉన్న వ్యర్థాన్ని పూడ్చకూడదని 2016 నియమాలు నిర్దేశించాయి. ఇలాంటి ఇంధనం తయారయ్యే చోటుకు 100 కిలోమీటర్ల లోపున్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దీన్ని వాడాలన్నాయి. 2026 నియమాలు ఆరేళ్ళలో ఆ వాటాను 15 శాతానికి పెంచాయి. చెత్త నుంచి విద్యుత్తు తీసే ప్లాంట్లకు తడి చెత్త కలిస్తే వేడి తగ్గిపోతుంది, పీవీసీ ప్లాస్టిక్ కలిస్తే డయాక్సిన్లనే విష రసాయనాల ముప్పు పెరుగుతుంది.

అన్నీ కలిపి కుప్ప పోస్తే లోపల కుళ్ళిన తడి చెత్త నుంచి మీథేన్ పుట్టి, ఎండాకాలంలో రోజుల తరబడి ఆరని మంటలు లేస్తాయి. కొచ్చి శివారు బ్రహ్మపురంలో 2023 మార్చిలో జరిగింది ఇదే. వానాకాలంలో నల్లని ఊట దిగి భూగర్భ జలాన్ని చెడగొడుతుంది. హైదరాబాద్ జవహర్‌నగర్ యార్డు ఊట వల్ల పక్కనున్న మల్కారం చెరువు దెబ్బతింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అమలు

ఈ ప్రాంతంలో చెత్త వేర్పాటు 2016 నియమాలకన్నా పాతది. సూర్యాపేట పురపాలక సంఘం 2003 ప్రాంతంలోనే వీధి కుండీలు తీసేసి, ఇంటింటి సేకరణ, తడి చెత్తతో ఎరువు తయారీ చేపట్టి దేశవ్యాప్తంగా గుర్తింపు పొందింది. బొబ్బిలిలోని ఘన వ్యర్థాల పార్కు ఇతర ఊళ్ళవారు వచ్చి చూసి వెళ్ళే చోటైంది. వరంగల్‌లో 2012లో పట్టణమంతటా ఇంటింటి వేర్పాటు ఉద్యమంలా సాగింది. చిన్న, మధ్యతరహా పట్టణాల్లో ఈ పని ముందుగా కుదరడం గమనించదగ్గది. కమిషనర్ రోజూ వీధులు తిరగగలిగే పరిమాణం వాటిది. అయితే ఆ అధికారి బదిలీ అయ్యాక వేగం తగ్గిన అనుభవమూ అక్కడే ఎక్కువ.

హైదరాబాద్‌లో 2015లో ఇంటికి రెండు డబ్బాల చొప్పున, ఆకుపచ్చ, నీలం రంగులవి, పంచి స్వచ్ఛ ఆటోలను ప్రవేశపెట్టారు. జవహర్‌నగర్‌లో పాత చెత్త గుట్టను మట్టితో కప్పి, 2020లో 19.8 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు ప్రారంభించారు. 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంతో తెలంగాణ గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, చెత్త వేరు చేసే షెడ్డు సమకూరాయి. సిద్దిపేటలో విందులకు ప్లాస్టిక్ ప్లేట్ల బదులు స్టీలు సామాను ఇచ్చే ‘స్టీల్ బ్యాంకులు’ చెత్తను పుట్టకముందే ఆపే ప్రయత్నం.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం మొదలై, పట్టణాల్లో ఇంటికి ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల మూడు డబ్బాలు పంచారు. దానితో పాటు వచ్చిన నెలవారీ వినియోగ రుసుము ‘చెత్త పన్ను’ పేరుతో వివాదమైంది. 2024 అక్టోబరు 2న దాని రద్దును ప్రభుత్వం ప్రకటించింది. సేకరణకు అయ్యే ఖర్చును ఇంటివారు నేరుగా భరించాలా, సాధారణ పన్నుల నుంచి పెట్టాలా అన్నది ఇంకా తెగని ప్రశ్న. విశాఖపట్నం కాపులుప్పాడలో, గుంటూరు ప్రాంతంలో చెరో 15 మెగావాట్ల చెత్త విద్యుత్ ప్లాంట్లు ఉన్నాయి. పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు ఉన్నాయి, గ్రీన్ అంబాసిడర్లు ఇంటింటికీ తిరుగుతారు. 2025 జనవరి నుంచి నెలలో మూడో శనివారం స్వర్ణాంధ్ర-స్వచ్ఛాంధ్ర పారిశుధ్య కార్యక్రమం జరుగుతోంది.

ఇతర దేశాల్లో

జర్మనీలో 1991 నాటి ప్యాకింగ్ ఉత్తర్వుతో తయారీదారుల ఖర్చుతో నడిచే ప్రత్యేక సేకరణ మొదలైంది. 2003 నుంచి చాలా పానీయాల సీసాలపై 25 సెంట్ల ధరావతు ఉంది, ఖాళీ సీసా తిరిగిస్తే డబ్బు వెనక్కి వస్తుంది. దక్షిణ కొరియా 1995లో చెత్త పరిమాణాన్ని బట్టి రుసుము పెట్టి, 2005లో ఆహార వ్యర్థాన్ని పూడ్చడం నిషేధించింది. జపాన్‌లోని కమికత్సు అనే చిన్న ఊళ్ళో చెత్తను 45 రకాలుగా వేరు చేస్తారు. ఐరోపా సమాఖ్యలో 2023 చివరికి తడి చెత్తనూ, 2025 నుంచి బట్టలనూ విడిగా సేకరించడం తప్పనిసరి. అమెరికాలో నియమం ఊరి ఊరికీ మారుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో 2009లోనే వేర్పాటును తప్పనిసరి చేసింది, కాలిఫోర్నియా రాష్ట్రమంతటా తడి చెత్త నియమం 2022లో వచ్చింది. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇల్లు మారినప్పుడల్లా కొత్త ఊరి డబ్బాల పద్ధతి తెలుసుకోవాల్సి ఉంటుంది.

అమలులోని లోపాలు

ఇప్పటివరకు డబ్బాల పంపిణీకి పెట్టినంత శ్రద్ధ టిప్పర్ అరల మీద, పొడి చెత్త కేంద్రాల మీద పెట్టలేదు. ఉచితంగా ఇచ్చిన డబ్బాలు చాలా ఇళ్ళలో నీళ్ళకో బియ్యానికో వాడుకలోకి వెళ్ళాయి. హానికర వ్యర్థాన్ని తీసుకునే కేంద్రాలు తక్కువ. దాంతో జాగ్రత్తపరులైన ఇంటివారికి కూడా కాలిన ట్యూబ్‌లైట్ ఎక్కడివ్వాలో తెలియదు. టన్ను లెక్కన కాంట్రాక్టరుకు డబ్బు చెల్లించే చోట బరువైన కలగలుపు చెత్తే లాభసాటి అవుతుంది కాబట్టి వేర్పాటును ప్రోత్సహించే కారణం అతనికి ఉండదు. జరిమానాలు కాగితం మీద ఉన్నా ఎన్నికైన ప్రతినిధులు వాటిని వసూలు చేయడానికి వెనుకాడతారు.

ఈ చివరి అంశాల్లో 2026 నియమాలు ఖర్చు లెక్కను మార్చాయి. వేరు చేయని చెత్తను పూడ్చడానికి పంపే స్థానిక సంస్థ ఎక్కువ రుసుము చెల్లించాలి. ఆ రుసుము చెత్తను వేరు చేసి, తరలించి, శుద్ధి చేయడానికి అయ్యే ఖర్చుకన్నా ఎక్కువగా ఉండాలని నియమం చెబుతోంది.